న్యాయం మనవాళ్లను చూసి మారుతుందా?



‘మానవత్వం’ అనే మాట నేడు అందరి నోటా వినిపిస్తోంది. నాయకుల ఉపన్యాసాల్లో అదే మాట, పాఠశాల గోడల మీద అదే మాట, పత్రికల సంపాదకీయాల్లోనూ అదే మాట. మానవతావాదులమని చెప్పుకునే వారిలో దైవాన్ని నమ్మేవారున్నారు, నమ్మనివారూ ఉన్నారు. మనిషి విలువను మనిషే నిర్ణయించుకోవాలి, అందుకు దైవంతో పనిలేదని వారిలో కొందరి వాదన. ఈ వాదనతో మనం ఏకీభవించలేం. మనిషికి గౌరవాన్ని ప్రసాదించినవాడు అతణ్ణి పుట్టించినవాడే. ఆదం సంతతికి తాను గౌరవం ప్రసాదించానని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో (బనీ ఇస్రాయీల్: 70) స్వయంగా తెలియజేశాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ గౌరవం అరబ్బులకని అనలేదు, ధనవంతులకని అనలేదు. ఆదం సంతతికి అన్నాడు. మనల్ని ద్వేషించేవాడు కూడా ఆదం సంతతిలోని వాడే.

మూలం విషయంలో మానవతావాదులతో మనకు భేదం ఉంది. అంతమాత్రాన ఒక ప్రశ్న నుంచి మనం తప్పించుకోలేం. దైవాన్ని నమ్మని ఒక వ్యక్తి, తనకు ఏ సంబంధమూ లేని వాడికి జరిగిన అన్యాయం చూసి నిద్రపోలేకపోతున్నాడు. అయిదు పూటలా అల్లాహ్ ముందు నుదురు ఆనించే మనం ‘వాడు మనవాడు కాదులే’ అని అటు తిరిగి పడుకుంటున్నాం. అప్పుడు లోకం ఎవరి మాట నమ్ముతుంది? లోకం సంగతి అలా ఉంచండి. రేపు తీర్పు దినాన మన ప్రభువుకు ఏం సమాధానం చెబుతాం?

మనిషి రెండు చోట్ల న్యాయం నుంచి జారిపోతాడు. ఒకటి ప్రేమ, రెండోది ద్వేషం. దివ్య ఖుర్ఆన్ ఈ రెండు దారులనూ మూసివేసింది. న్యాయానికి గట్టిగా కట్టుబడి ఉండమని, సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా సత్యమే పలకమని అన్‌నిసా సూరా (ఆయతు 135) విశ్వాసులను ఆదేశిస్తోంది. ఇది ప్రేమ వల్ల జరిగే అన్యాయానికి అడ్డుకట్ట. ఒక జాతి పట్ల ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయం వైపు నెట్టరాదని, న్యాయమే దైవభీతికి దగ్గరి దారి అని అల్‌మాయిదా సూరా (ఆయతు 8) హెచ్చరిస్తోంది. ఇది ద్వేషం వల్ల జరిగే అన్యాయానికి అడ్డుకట్ట. రాజకీయమైనా, యుద్ధమైనా, చదువైనా, సంసారమైనా ఈ రెండు ఆదేశాలే కొలబద్ద.

మదీనాలో ఒక దొంగతనం

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో మదీనాలో ఒక దొంగతనం జరిగింది. ఈ సంఘటన వివరాలు, పేర్లు ఉల్లేఖనాల్లో కొంత తేడాగా ఉన్నాయి. ప్రసిద్ధమైన కథనం ఇది. అన్సార్లలోని బనూ జఫర్ తెగకు చెందిన తుఅమా బిన్ ఉబైరిఖ్ అనే వ్యక్తి పొరుగింటి నుంచి ఒక కవచాన్ని దొంగిలించాడు. ఆ కవచం పిండి సంచిలో ఉంది. సంచికి చిల్లు ఉండటంతో దారి పొడవునా పిండి రాలుతూ వచ్చింది. పట్టుబడతానని భయపడి అతను ఆ కవచాన్ని ఒక యూదుని ఇంట్లో దాచిపెట్టాడు. వెతుకుతూ వెళ్లినవారికి అది యూదుని దగ్గర దొరికింది. నాకేమీ తెలియదు, తుఅమా తెచ్చి ఇచ్చాడని ఆ యూదుడు మొత్తుకున్నాడు.

తెగ పెద్దలంతా తుఅమా పక్షాన నిలిచారు. తమవాడు నిర్దోషి అని దైవప్రవక్త (స) సన్నిధిలో గట్టిగా వాదించారు. సొత్తు దొరికింది యూదుని ఇంట్లో. సాక్ష్యం చెప్పేవారేమో ముస్లింలు. పైకి కనిపించే ఆధారాలన్నీ యూదునికి వ్యతిరేకంగానే ఉన్నాయి. అలాంటి సమయంలో అన్‌నిసా సూరా 105వ ఆయతు నుంచి 113 వరకు తొమ్మిది ఆయతులు అవతరించాయి. ద్రోహుల తరఫున వకాల్తా పుచ్చుకోవద్దని అల్లాహ్ తన ప్రవక్తకే ఆదేశించాడు. తాను చేసిన పాపాన్ని నిర్దోషి మీదికి నెట్టేవాడు ఘోరమైన అపనిందను మోస్తున్నాడని తెలియజేశాడు. ఇహలోకంలో వీరి తరఫున మీరు వాదించారు సరే, ప్రళయదినాన అల్లాహ్ ముందు వీరి తరఫున వాదించేదెవరని నిలదీశాడు. యూదుడు నిర్దోషిగా బయటపడ్డాడు. తుఅమా మక్కాకు పారిపోయి ఇస్లాంకే దూరమయ్యాడు.

ఆ రోజుల పరిస్థితిని ఒకసారి తలచుకోండి. బయట ఖురైషీయుల శత్రుత్వం, లోపల కపట విశ్వాసుల కుట్రలు. కొన్ని యూద తెగలతో సంబంధాలు బెడిసికొట్టిన కాలం. నేటి రాజకీయ సలహాదారు ఎవరైనా అక్కడ ఉంటే ఏమనేవాడు? ‘ఇప్పుడు మనవాణ్ణి దొంగ అని ఒప్పుకుంటే శత్రువుకు అలుసైపోతాం. ఒక్క యూదుని కోసం తెగ మొత్తాన్ని దూరం చేసుకుంటామా?’ అనేవాడు. కాని అల్లాహ్ ఆ ఒక్క మనిషి కోసం తొమ్మిది ఆయతులు పంపాడు. ఆ యూదుని నిర్దోషిత్వానికి సాక్ష్యంగా నిలిచిన ఆ ఆయతులను ప్రతి రమజాన్‌లో మనం తరావీహ్ నమాజులో వింటూనే ఉన్నాం. పద్నాలుగు శతాబ్దాలుగా వింటూనే ఉన్నాం.

నిరపరాధి మీద నేరం మోపితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మన సమాజానికి ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. 2007 మే 18న హైదరాబాద్‌లోని మక్కా మసీదులో శుక్రవారం నాడు బాంబు పేలింది. పేలుడులో 9 మంది, ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో 5గురు మరణించారు. ఆపైన ఎందరో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. వారిలో పలువురు తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. కాని పోయిన ఉద్యోగం, ఆగిన చదువు, తప్పిపోయిన పెళ్లి సంబంధం తీర్పు కాగితంతో తిరిగి రాలేదు. ఈ నొప్పి మనకు తెలుసు. తెలిసినవాళ్లం కాబట్టే మన మీద బాధ్యత ఎక్కువ. ఎవరో తెలియని వ్యక్తి గురించి ఫోన్‌లో వచ్చిన నిందను నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపుతున్నప్పుడు, ఇంట్లో ఉంగరం కనబడకపోతే మొదటి అనుమానం పనిమనిషి మీదికే పోతున్నప్పుడు, ఆ తొమ్మిది ఆయతులు మనకు గుర్తు రావాలి.

పదవి, పలుకుబడి

బనూ మఖ్జూమ్ అనే గొప్ప వంశానికి చెందిన ఒక స్త్రీ దొంగతనం చేసి పట్టుబడింది. శిక్ష తప్పించమని చెప్పడానికి దైవప్రవక్త (స)కు ఎంతో ప్రియమైన హజ్రత్ ఉసామా (రజి)ను పంపారు. దైవప్రవక్త (స) ఆగ్రహించారు. గొప్పవాడు దొంగిలిస్తే వదిలేసి, బలహీనుడు దొంగిలిస్తే శిక్షించడం వల్లనే పూర్వపు జాతులు నాశనమయ్యాయని చెప్పారు. తన కూతురు ఫాతిమా ఆ పని చేసినా శిక్ష తప్పేది కాదని స్పష్టం చేశారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

జాతులు నాశనం కావడానికి ఆయన చెప్పిన కారణం చూడండి. శత్రు సైన్యం గురించి చెప్పలేదు, కరువు గురించి చెప్పలేదు. చట్టం మనిషిని బట్టి మారడాన్ని చెప్పారు. వక్ఫ్ ఆస్తిని ప్రభుత్వం తీసుకుంటే మనం రోడ్డెక్కుతాం, అది మన హక్కు. అదే వక్ఫ్ స్థలాన్ని మన బంధువే ఆక్రమించుకుని ఏళ్ల తరబడి నామమాత్రపు అద్దెతో దుకాణం నడుపుకుంటుంటే నోరు మెదపం. ఎన్నికలప్పుడు డబ్బు తీసుకుని ఓటు వేసేవాడు, అన్యాయం చేసేవాడని తెలిసి కూడా ‘మనవాడు కదా’ అని బలపరిచేవాడు తన సాక్ష్యాన్ని అమ్ముకుంటున్నాడు. ఓటు కూడా ఒక సాక్ష్యమే.

న్యాయం కోసం ఎవరితో కలవాలి అన్న ప్రశ్నకు కూడా దైవప్రవక్త (స) జీవితంలో సమాధానం ఉంది. ప్రవక్త పదవి రాకముందు, ఆయన యువకునిగా ఉన్న రోజుల్లో, యమన్ నుంచి వచ్చిన ఒక వర్తకుని సరుకు తీసుకుని మక్కా పెద్ద ఒకడు సొమ్ము ఎగ్గొట్టాడు. పరదేశికి మక్కాలో అండగా నిలిచేవారు లేరు. అప్పుడు కొందరు పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట్లో సమావేశమై, బాధితుడు ఎవరైనా అతనికి హక్కు ఇప్పించేదాకా అతని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. దీనినే ‘హిల్ఫుల్ ఫుజూల్’ అంటారు. ఆ ప్రమాణంలో తానూ ఉన్నానని, ఇస్లాం వచ్చాక కూడా అలాంటి దానికి పిలిస్తే వెళతానని దైవప్రవక్త (స) తర్వాతి కాలంలో చెప్పారు. ఆ ఇంట్లో కూర్చున్న మిగతావారు విగ్రహారాధకులు. దీన్నిబట్టి, బాధితుని కోసం పాటుపడేవారితో, వారి విశ్వాసం ఏదైనా, కలిసి నడవడం దైవప్రవక్త (స) మెచ్చిన మార్గం.

యుద్ధంలోనూ గీత ఉంది

ప్రేమ వల్ల జరిగే అన్యాయం గురించి చూశాం. ఇక ద్వేషం సంగతి చూద్దాం. ద్వేషం పూర్తిగా బయటపడే చోటు యుద్ధం.

ఒక యుద్ధంలో చనిపోయి పడి ఉన్న స్త్రీని చూసి దైవప్రవక్త (స) బాధపడ్డారు. స్త్రీలను, పిల్లలను చంపడాన్ని నిషేధించారు. ఆయన తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి) సిరియాకు సైన్యాన్ని పంపుతూ సేనానికి చేసిన ఉపదేశాలు ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో నమోదై ఉన్నాయి. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదు. మఠాల్లో ఉండే సన్యాసుల జోలికి పోరాదు. పండ్ల చెట్లు నరకరాదు. జనావాసాలను ధ్వంసం చేయరాదు. ఆహారానికి తప్ప గొర్రెను గాని ఒంటెను గాని కోయరాదు. ఏడవ శతాబ్దంలో, గెలిచినవాడి ఇష్టమే చట్టంగా ఉన్న లోకంలో చెప్పిన మాటలివి.

ఈ నియమాలు పుస్తకాల్లోనే ఉండిపోయాయా, ఎవరైనా పాటించారా అని అడిగేవారికి అల్జీరియా అమీర్ అబ్దుల్ ఖాదిర్ జీవితం చూపించాలి.

ఆయన 1808లో మాస్కరా పట్టణం దగ్గర ఒక ధార్మిక కుటుంబంలో పుట్టారు. తండ్రి ముహియుద్దీన్ ఖాదిరియా సిల్సిలాకు పెద్ద. చదువు, ఆరాధన ఉన్న ఇల్లు అది. 1830లో ఫ్రాన్స్ అల్జీరియా మీద దండెత్తింది. 1832లో ఇరవై నాలుగేళ్ల వయసులో అబ్దుల్ ఖాదిర్‌ను తెగలు తమ అమీర్‌గా ఎన్నుకున్నాయి. అప్పటి నుంచి 1847 వరకు ఆయన ఫ్రెంచి సైన్యంతో పోరాడారు. ఫ్రెంచివారు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టారు, పంటలు నాశనం చేశారు. 1845లో దహ్రా ప్రాంతంలో గుహల్లో తలదాచుకున్న ఒక తెగ వారిని పొగపెట్టి వందల సంఖ్యలో చంపారు. అలాంటి శత్రువుతో పోరాడుతూ కూడా అమీర్ ఖైదీలను చంపరాదని తన సైనికులకు ఆజ్ఞలు జారీ చేశారు. తిండి పెట్టలేని పరిస్థితి వచ్చినప్పుడు ఖైదీలను వదిలిపెట్టిన సందర్భాలున్నాయి.

1847 డిసెంబరులో ఆయన లొంగిపోయారు. తూర్పు దేశానికి పంపిస్తామని మాట ఇచ్చిన ఫ్రెంచి ప్రభుత్వం ఆ మాట తప్పి, ఆయనను కుటుంబంతో సహా ఫ్రాన్స్‌లో దాదాపు అయిదేళ్లు నిర్బంధించింది. ఆయన పరివారంలో పలువురు అక్కడే కన్నుమూశారు. 1852లో విడుదలయ్యాక చివరికి 1855లో ఆయన డమాస్కస్ చేరుకున్నారు. అక్కడ ధార్మిక విద్య బోధిస్తూ స్థిరపడ్డారు.

1860లో లెబనాన్ కొండల్లో ద్రూజులకు, మరోనీ క్రైస్తవులకు మధ్య రేగిన పోరు డమాస్కస్‌కు పాకింది. జూలై 9న అల్లరి మూకలు క్రైస్తవుల వాడ మీద పడ్డాయి. ఇళ్లు తగలబెట్టారు, వేలమందిని చంపారు. దేశం పోగొట్టుకుని, బిడ్డలను పరాయి నేలలో పాతిపెట్టి వచ్చిన అమీర్ ఆనాడు తలుపు వేసుకుని లోపల కూర్చుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన అలా చేయలేదు. తన అల్జీరియా అనుచరులను వెంటబెట్టుకుని మంటల మధ్యకు వెళ్లారు. కనబడిన క్రైస్తవులనల్లా తన ఇంటికి చేర్చారు. క్రైస్తవులను ప్రాణాలతో తీసుకొచ్చిన వారికి డబ్బు ఇస్తానని ప్రకటించారు. ఇల్లు నిండిపోతే కోటకు పంపారు. తన దేశాన్ని ఆక్రమించిన ఫ్రాన్స్ కాన్సుల్‌కు కూడా తన ఇంట్లోనే ఆశ్రయమిచ్చారు. వారిని అప్పగించమని మూక తలుపు దగ్గరికి వస్తే ఎదురు నిలబడి తిప్పి పంపారు. అలా వేల ప్రాణాలు నిలిచాయి. ఆయన ఒక్కరే కాదు, నగరంలోని మైదాన్ మొహల్లా ముస్లిం పెద్దలు కూడా తమ ఇళ్లలో క్రైస్తవులను కాపాడారు.

యూరప్ రాజులు ఆయనకు పతకాలు పంపారు. క్రైస్తవ మతగురువు ఒకరు కృతజ్ఞత తెలిపితే, తాను చేసింది ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారమూ మానవత్వపు హక్కుల ప్రకారమూ తన విధి అని జవాబు రాశారు. చూశారా! ఆయన ఆ రెంటినీ వేరుచేయలేదు. కాకసస్ కొండల్లో రష్యా సామ్రాజ్యంతో పాతికేళ్లు పోరాడి 1859లో బందీ అయిన ఇమామ్ షామిల్ ఈ వార్త విని, నిర్బంధంలో ఉండే అమీర్‌ను అభినందిస్తూ ఉత్తరం రాశారు. క్రైస్తవ సామ్రాజ్యాలతో జీవితమంతా యుద్ధం చేసిన ఇద్దరు వీరులు, నిరాయుధులైన క్రైస్తవులను చంపడం ధర్మవిరుద్ధమన్న విషయంలో ఒక్క మాట మీద ఉన్నారు.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. 2023 అక్టోబర్ తర్వాత గాజాలో పదుల వేలమంది మరణించారు. వారిలో స్త్రీలు, పిల్లలు ఎందరో. వారి కోసం మన మసీదుల్లో కన్నీళ్లతో దుఆలు చేశాం, చేస్తున్నాం. అది విశ్వాసానికి గుర్తు. కాని అక్టోబర్ 7న జరిగిన దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది మరణించారు, వారిలో ఎక్కువమంది సాధారణ పౌరులు. హజ్రత్ అబూబక్ర్ (రజి) గీసిన గీత వారికి వర్తించదని చెప్పే అధికారం మనకెక్కడిది? 2014 ఆగస్టులో ఇరాక్‌లోని సింజార్‌లో యజీదీలను ఊచకోత కోసి, వారి ఆడపిల్లలను బానిసలుగా అమ్మినవారు అల్లాహ్ పేరే చెప్పుకున్నారు. అదే ఏడాది డిసెంబర్ 16న పెషావర్‌లో పాఠశాల మీద దాడిచేసి 130 మందికి పైగా పిల్లలను చంపినవారూ ఆ పేరే చెప్పుకున్నారు. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంలో చంపేవారూ ముస్లింలే, చచ్చేవారిలో అత్యధికులూ ముస్లింలే. వారి కోసం మనం ఎన్నిసార్లు చేతులెత్తి దుఆ చేశాం?

ఒక గాయాన్ని గుర్తు చేసి మరో గాయాన్ని చిన్నది చేయాలని ఈ మాటలు అనడం లేదు. హంతకుని పేరును బట్టి మన కన్నీళ్లు వస్తూ ఆగుతూ ఉంటే, ఆ కన్నీళ్లు న్యాయం కోసం కాదు, మన జట్టు కోసం. ఒక నిరపరాధిని చంపినవాడు సమస్త మానవాళిని చంపినట్లేనని ఖుర్ఆన్ (అల్‌మాయిదా: 32) చెబుతున్నప్పుడు అందులో జట్ల లెక్క లేదు.

చదువు ఎవరి సొత్తు?

బద్ర్ యుద్ధంలో (హిజ్రీ 2, క్రీ.శ. 624) మక్కా సైనికులు ఖైదీలుగా చిక్కారు. పరిహారం చెల్లించలేని, చదవడం రాయడం వచ్చిన ఖైదీలు మదీనా పిల్లలకు చదువు నేర్పితే వదిలిపెట్టడం జరిగిందని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. నిన్నటి దాకా కత్తి పట్టుకుని చంపడానికి వచ్చినవాణ్ణి నేడు పిల్లల ముందు గురువుగా కూర్చోబెట్టారు. విద్య ఎవరి దగ్గర ఉన్నా తీసుకోవాలని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? బాగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫాల కాలంలో గ్రీకు వైద్య గ్రంథాలను అరబీలోకి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు హునైన్ బిన్ ఇస్‌హాఖ్ క్రైస్తవుడు. ఆయన మతం చూసి ముస్లింలు ఆయన విద్యను కాదనలేదు.

ఆడపిల్లల చదువు సంగతి కూడా కొత్తది కాదు. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) రాయడం నేర్చిన స్త్రీ. విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు ఆమె రాత నేర్పినట్లు అబూదావూద్ ఉల్లేఖనం తెలుపుతోంది. మొరాకోలోని ఫెజ్ నగరంలో ఖరవియ్యీన్ మసీదు-విద్యాలయాన్ని 859లో ఫాతిమా అల్‌ఫిహ్రీ అనే మహిళ తన వారసత్వ ధనంతో స్థాపించినట్లు చరిత్ర చెప్పుకుంటుంది.

మరి మన స్థితి? సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక మనకు అద్దం పట్టింది. 2001 జనగణన ప్రకారం దేశంలో అక్షరాస్యత దాదాపు 65 శాతం ఉంటే ముస్లింలలో 59 శాతమే. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడికి వెళ్లనివారో, మధ్యలో మానేసినవారో అని ఆ నివేదిక తేల్చింది. ఇందులో ప్రభుత్వాల నిర్లక్ష్యం ఉంది, వివక్ష ఉంది. వాటిని ప్రశ్నించాల్సిందే. కాని మెకానిక్ షెడ్డులో స్పానర్లు అందించే పదేళ్ల కుర్రవాణ్ణి అక్కడ పెట్టినవాడు, అతని చేత పని చేయించుకుంటున్నవాడు చాలాసార్లు మనవారే. కొడుకు ఇంజినీరింగు కోసం పొలం అమ్మే తండ్రి, కూతురు పదో తరగతి పాసైతే ‘ఇక చాలు’ అంటున్నాడు. ప్రభుత్వం చేసే వివక్షను అడిగే నోరు, ఇంట్లో మనం చేసే వివక్షను కూడా అడగాలి కదా!

గుమ్మం లోపలి న్యాయం

నల్లజాతి బానిసగా హింసలు పడిన హజ్రత్ బిలాల్ (రజి)ను మక్కా విజయం నాడు (హిజ్రీ 8, క్రీ.శ. 630) దైవప్రవక్త (స) కాబా పైకెక్కి అజాన్ ఇవ్వమన్నారు. వంశగౌరవంతో ఊగిపోయే ఖురైషీ పెద్దలు కింద నిలబడి విన్నారు. ఆ అజాన్ మన ఊళ్లలో రోజుకు అయిదుసార్లు మోగుతోంది. అయినా పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి ‘వాళ్లు దూదేకులవాళ్లట, నూర్‌బాషాలట’ అని మన తెలుగు ముస్లిం కుటుంబాల్లోనే గొంతు తగ్గించి చెప్పుకుంటాం. ఉర్దూ రాదని, తెలుగులో మాట్లాడతారని సాటి విశ్వాసిని తక్కువగా చూస్తాం. మనల్ని పుట్టుకను బట్టి ఎవరైనా చిన్నచూపు చూస్తే మండిపడే మనం చేస్తున్నది ఏమిటి?

కట్నం మాటకొస్తే, మహర్ ఇచ్చి చేసుకోవాల్సినవాడు తీసుకుని చేసుకుంటున్నాడు. మహర్‌ను కాగితం మీదనే ఉంచుతున్నాడు. ఆస్తి పంపకం వేళ ఖుర్ఆన్ రాసిచ్చిన ఆడబిడ్డ వాటాను ‘దానికి పెళ్లి చేశాం కదా’ అని అన్నదమ్ములు కలిపేసుకుంటున్నారు. చెల్లెలు మొహమాటంతో సంతకం పెడితే అది ఇష్టంతో ఇచ్చినట్టు కాదు.

కూలివాని చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ కూలివాడు ముస్లిమా కాదా అన్న షరతు అందులో లేదు. హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనలో అడుక్కుంటున్న ఒక అంధ యూద వృద్ధుణ్ణి చూశారు. జిజ్‌యా కట్టడానికి, పొట్ట గడవడానికి అడుక్కుంటున్నానని అతను చెబితే చేయి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లి ఏదో ఇచ్చి, ఇలాంటివారికి బైతుల్‌మాల్ నుంచి భృతి ఏర్పాటు చేయమని, పన్ను మాఫీ చేయమని ఆజ్ఞాపించారు. వయసులో ఉన్నప్పుడు అతని కష్టార్జితం తిని, ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదన్నది ఆయన భావం. ఇమామ్ అబూయూసుఫ్ ‘కితాబుల్ ఖరాజ్’లో ఈ సంఘటన నమోదైంది. మన ఇంట్లో ఇరవై ఏళ్లు గిన్నెలు తోమిన ఆడమనిషి ముసలిదై పని మానేశాక ఆమె ఎలా బతుకుతోందో మనలో ఎంతమంది కనుక్కున్నాం?

ఒక రోజు శవయాత్ర సాగుతుంటే దైవప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అది యూదుని శవమని ఎవరో చెప్పారు. అతను కూడా ఒక ప్రాణి కాదా అని ఆయన తిరిగి ప్రశ్నించారు. ఇది బుఖారీ హదీసు. మన వీధిలో హిందూ సోదరుని ఇంట్లో మరణం సంభవిస్తే పలకరించాలా వద్దా అని ఇంకా సందేహించేవారికి ఈ ఒక్క హదీసు చాలు. మతం విషయంలో మనతో యుద్ధం చేయనివారితో, మనల్ని ఇళ్ల నుంచి వెళ్లగొట్టనివారితో మంచిగా, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ నిషేధించలేదని, న్యాయవర్తనులను ఆయన ప్రేమిస్తాడని అల్‌ముమ్‌తహినా సూరా (ఆయతు 8) తెలియజేస్తోంది.

మనమేం చేయాలి?

ప్రియ సోదర సోదరీమణులారా! మన మీద జరిగే అన్యాయాన్ని సహించి ఊరుకోమని ఇస్లాం చెప్పలేదు. చట్టం ఇచ్చిన దారిలో హక్కు కోసం నిలబడాలి, అడగాలి, కోర్టుకెక్కాలి. కాని అడిగేవాడి చేతులు శుభ్రంగా ఉండాలి. ఇతరుల హక్కును మింగి కూర్చున్నవాడు తన హక్కు అడిగితే ఆ గొంతులో బలం ఉండదు. దుఆలో కూడా ఉండదు. పీడితుని మొరకూ అల్లాహ్‌కూ మధ్య అడ్డుతెర ఉండదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మన వల్ల పీడితుడైనవాడి మొరకు కూడా అడ్డుతెర లేదు. అతను ఏ మతంవాడైనా సరే.

కాబట్టి ఈ మాసంలోనే ఒక పని చేద్దాం. ఇంటిల్లిపాదీ కూర్చుని అన్‌నిసా సూరా 105 నుంచి 113 వరకు, ఆపైన 135వ ఆయతును అర్థంతో సహా చదువుదాం. చదివాక ఒక్కో ప్రశ్న వేసుకుందాం. మన దగ్గర ఎవరి కూలి బాకీ ఉంది? ఏ చెల్లెలి వాటా, ఏ భార్య మహర్ మన దగ్గర ఉండిపోయింది? ఏ నిర్దోషి మీద మనం వేసిన నింద ఇంకా ఊళ్లో తిరుగుతోంది? మనవాడన్న కారణంతో ఎవరి తప్పును కప్పిపుచ్చాం? జవాబు దొరికిన చోటల్లా రేపటికి వాయిదా వేయకుండా హక్కుదారుని గడప తొక్కుదాం. ఇక్కడ తీర్చని హక్కును పరలోకంలో పుణ్యాలతో తీర్చాల్సి వస్తుంది. అక్కడ డబ్బు చెల్లదు, బంధువులు రారు, తెగ పెద్దలు వకాల్తా పుచ్చుకోరు.

ఓ ప్రభూ! మావారి పట్ల ప్రేమ మమ్మల్ని అబద్ధ సాక్షులను చేయకుండా కాపాడు. పరాయివారి పట్ల ద్వేషం మమ్మల్ని దౌర్జన్యపరులను చేయకుండా కాపాడు. నీవు గౌరవించిన ఆదం సంతతిని గౌరవించే మనసును మాకూ మా పిల్లలకూ ప్రసాదించు. ఆమీన్.